కంప్యూటర్ ఏ గడప దగ్గర ఆగింది?

"సిస్టమ్ ఆన్ అవ్వట్లేదు." కంప్యూటర్ మొరాయిస్తే ఎవరి నోటి నుంచైనా ముందు వచ్చే మాట ఇదే. ఈ ఒక్క మాట వెనక అయిదారు రకాల జబ్బులు దాగి ఉంటాయి. బటన్ నొక్కితే లైటు కూడా వెలగకపోవడం ఒకటి. ఫ్యాను తిరుగుతున్నా తెర నల్లగానే ఉండిపోవడం ఇంకొకటి. కంపెనీ లోగో వచ్చి, దాని కింద చుక్కలు గుండ్రంగా తిరుగుతూ అరగంటైనా అలాగే ఉండిపోవడం మరొకటి. నీలం తెర ఓసారి మెరిసి మళ్లీ మొదటికి వెళ్లిపోవడం, పాస్‌వర్డ్ కొట్టాక మౌస్ బాణం తప్ప ఏమీ కనిపించకపోవడం కూడా ఈ లెక్కలోకే వస్తాయి. వీటిలో ఒకదానికి పనిచేసే మందు ఇంకోదానికి పనిచేయదు. కొన్నిసార్లు ఉన్న ఫైళ్లకే ఎసరు పెడుతుంది.

అందుకే ఎలా బాగుచేయాలని అడిగే ముందు ఎక్కడ ఆగిందని అడగాలి. బూట్ కాని, అంటే ఆన్ చేసినా పూర్తిగా లేచి పనికి సిద్ధం కాని కంప్యూటర్లో ఫైళ్లు చాలాసార్లు భద్రంగానే ఉంటాయి. అవి పోయేది తర్వాత, కంగారులో దొరికిన చిట్కాలన్నీ ఒకదాని మీద ఒకటి ప్రయోగించినప్పుడు. డిస్కు చెడిపోయి ఫోటోలు పోతే అది దురదృష్టం. బాగున్న డిస్కును ఫార్మాట్ చేసి పోగొట్టుకుంటే ఆ బాధ వేరు.

బటన్ నొక్కాక జరిగేది

బటన్ నొక్కిన క్షణం నుంచి పని ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారుతూ పోతుంది. ముందుగా పవర్ సప్లై, తన ఓల్టేజీలు నిలకడగా ఉన్నాయని మదర్‌బోర్డుకు ఒక సంకేతం పంపుతుంది. అది అందాకే ప్రాసెసర్ పని మొదలుపెడుతుంది. ప్రాసెసర్ చదివే మొదటి ప్రోగ్రాం హార్డ్ డిస్కులో ఉండదు, మదర్‌బోర్డు మీది చిన్న చిప్పులో ఉంటుంది. పాత రోజుల్లో దాని పేరు బయోస్. ఇప్పటి మెషీన్లలో ఉన్నది యూఈఎఫ్ఐ అయినా అందరూ బయోస్ అనే అంటారు కాబట్టి ఇక్కడా అలాగే అనుకుందాం. బయోస్ మెమరీని, గ్రాఫిక్స్‌ని, కీబోర్డుని సరిచూసుకుని, డిస్కులను గుర్తించి, వాటిలో బూట్ లోడర్, అంటే విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌ని లేపే చిన్న ప్రోగ్రాం, ఎక్కడుందో వెతుకుతుంది. బూట్ లోడర్ వచ్చి ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌ని, డిస్కును చదవడానికి తప్పనిసరిగా కావలసిన డ్రైవర్లని (ఒక్కో భాగాన్ని నడిపించే ప్రోగ్రాంలని) మెమరీలోకి తెస్తుంది. కెర్నల్ లేచాక మిగతా డ్రైవర్లు, సర్వీసులు, చివరగా లాగిన్ తెర వస్తాయి.

ఒక్కో దశ ఒక్కో గడప. ఒకటి దాటితేగాని రెండోది రాదు. కాబట్టి తెర మీద చివరగా కనిపించినదే అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం. తెర మీద లోగో వచ్చిందంటే ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కనీసం అంతవరకు పనిచేశాయని అర్థం. అలాంటప్పుడు కేబినెట్ విప్పి ర్యామ్ తీసి తుడవడంతో మొదలుపెట్టడం దండగ. అలాగే లోగో కూడా రాని మెషీన్‌కి విండోస్ పెన్‌డ్రైవ్ తయారు చేసుకుని కూర్చుంటే, దాన్ని చదివేవాళ్లే లోపల లేరు.

తెర మీది మెసేజ్‌ని అక్షరం పొల్లుపోకుండా ఫోన్‌తో ఫోటో తీసుకోవడం మొదటి పని. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, "ఏదో నీలం తెర వచ్చింది" అనే మాటకీ "అన్‌మౌంటబుల్ బూట్ వాల్యూమ్" అనే మాటకీ మధ్య ఒక రోజంతా వృథా అయ్యేంత తేడా ఉంటుంది. మెసేజ్ రెప్పపాటులో మాయమవుతుంటే వీడియో తీసి, ఆపి చూడొచ్చు.

మొదటి రెండు గడపలు

అసలు కరెంటే అందకపోతే వెతకాల్సినవి కొన్నే: ప్లగ్, కేబుల్, ఛార్జర్, పవర్ సప్లై వెనకున్న స్విచ్. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసేసి, బ్యాటరీ ఊడేదైతే దాన్నీ తీసి, పవర్ బటన్ ముప్ఫై సెకన్లు అదిమి పట్టుకోవాలి. లోపలి సర్క్యూట్లలో మిగిలిన కరెంటు పోయి, పవర్‌ని అదుపు చేసే చిప్ మళ్లీ మొదటి నుంచి లెక్క సరిచూసుకుంటుంది. చూడ్డానికి మంత్రం వేసినట్టుంటుంది కానీ చచ్చినట్టు పడి ఉన్న ల్యాప్‌టాప్‌లు కొన్ని దీంతోనే లేస్తాయి.

ఫ్యాను తిరిగి, తెర నల్లగా ఉంటే అది రెండో గడప. డెస్క్‌టాప్‌లో అయితే ముందు మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టి ఉందో చూడాలి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న మెషీన్లో కేబుల్‌ని మదర్‌బోర్డు పోర్టుకి పెట్టడం అందరూ చేసే పొరపాటు. ఆ తర్వాతే ర్యామ్ వంతు. రెండు స్టిక్కులు ఉంటే ఒక్కొక్కటే పెట్టి చూడాలి. కొత్తగా ర్యామ్ మార్చిన మెషీన్ మొదటిసారి దాన్ని అలవాటు చేసుకోవడానికి కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉంచొచ్చు, తొందరపడి ఆపేస్తే అది మళ్లీ మొదటికొస్తుంది. బీప్ శబ్దాలు, మదర్‌బోర్డు మీద వెలిగే చిన్న లైట్లు ఏ భాగం దగ్గర ఆగిందో చెబుతాయి. వాటి అర్థం కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి ఆ బోర్డు మాన్యువల్‌లోనే చూసుకోవాలి.

డిస్కు కనిపిస్తోందా?

"నో బూటబుల్ డివైస్", "ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్" లాంటి మెసేజ్‌లు వస్తే చాలామంది విండోస్ చెరిగిపోయిందనుకుంటారు. బయోస్ చెబుతున్నది అంతకన్నా చిన్న విషయం: నేను వెతికిన చోట నాకు బూట్ లోడర్ దొరకలేదు, అంతే. వెతికిన చోటే తప్పు కావచ్చు. పాత పెన్‌డ్రైవ్ ఒకటి వెనక పోర్టులో మర్చిపోతే బయోస్ ముందు దాన్నే తడిమి, అక్కడ ఏమీ లేదని ఆగిపోవచ్చు. కాబట్టి కీబోర్డు, మౌస్ తప్ప మిగతావన్నీ పీకేయడం ఎప్పుడూ మంచిదే.

అప్పుడు బయోస్ సెటప్‌లోకి వెళ్లాలి. ఆన్ చేసిన వెంటనే ఎఫ్2 గానీ డిలీట్ గానీ వరసగా నొక్కితే చాలా మెషీన్లలో అది తెరుచుకుంటుంది. అక్కడ చూడాల్సింది ఒక్కటే: డిస్కు పేరు ఉందా, లేదా. మొత్తం వ్యవహారం ఈ ఒక్క ప్రశ్న దగ్గర రెండు దారులుగా చీలిపోతుంది. పేరు లేకపోతే సమస్య వైర్లదో, స్లాటుదో, డిస్కుదో, బయోస్ సెట్టింగుదో. ఆ పరిస్థితిలో రిపేర్ కమాండ్లు ఎన్ని కొట్టినా లాభం లేదు. సాటా కేబుల్ రెండు వైపులా ఊడదీసి మళ్లీ బిగించాలి, ఎం.2 రకం ఎస్ఎస్‌డీ అయితే స్లాటులోంచి తీసి మళ్లీ కూర్చోబెట్టాలి. హార్డ్ డిస్కు పోయేముందు నెమ్మదించడం, టిక్కు టిక్కుమనడం లాంటి హెచ్చరికలు చాలాసార్లు ఇస్తుంది. ఎస్ఎస్‌డీ తరచుగా ఏ హెచ్చరికా లేకుండా ఒక్కసారిగా మాయమవుతుంది, నిన్నటిదాకా బాగుందనే మాట దాని విషయంలో పనికిరాదు.

పేరు ఉండి కూడా బూట్ కాకపోతే మూడో గడప దగ్గర ఉన్నట్టు. ఇక్కడ కొంచెం చరిత్ర తెలిస్తే దారి సులువవుతుంది. 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చిన పద్ధతిలో డిస్కు మొదటి సెక్టారే అంతా. దానిలో ఉండేది 512 బైట్లు. అందులో 446 బైట్లలో బూట్ కోడ్, 64 బైట్లలో పార్టిషన్ల (డిస్కును విడగొట్టిన భాగాల) పట్టిక, చివరి 2 బైట్లు గుర్తు. దీన్నే ఎంబీఆర్ అంటారు. ఆ పట్టికలో అంకెలకు చోటు సరిపోక రెండు టెరాబైట్లు దాటిన డిస్కుల్ని అది పూర్తిగా వాడుకోలేదు. 2005లో ఏర్పడిన యూఈఎఫ్ఐ ఫోరం ముందుకు తెచ్చిన కొత్త పద్ధతి పూర్తిగా వేరు. డిస్కులో జీపీటీ అనే పెద్ద పట్టిక ఉంటుంది, ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఈఎఫ్ఐ పార్టిషన్ అనే చిన్న అర ఒకటి ఉంటుంది. బూట్ లోడర్ ఆ అరలో మామూలు ఫైలు లాగా పడి ఉంటుంది. విండోస్ తనంతట తాను వేసుకునే ఆ అర చాలా మెషీన్లలో 100 మెగాబైట్లే.

ఈ తేడా తెలియకపోవడం వల్లే సగం గందరగోళం. ఎంబీఆర్ పద్ధతిలో వేసిన విండోస్‌ని బయోస్ యూఈఎఫ్ఐ మోడ్‌లో వెతికితే కనిపించదు, అటుది ఇటైనా అంతే. సి డ్రైవ్ నిక్షేపంగా ఉండి, పక్కనున్న ఆ చిన్న అర చెరిగిపోతే విండోస్ మొత్తం పోయినట్టే అనిపిస్తుంది. "ఈ చిన్న పార్టిషన్ ఎందుకూ" అని డిస్క్ టూల్స్‌తో దాన్ని తీసేసేవాళ్లు ఉన్నారు. అది ఇంటి తాళం చెవి పారేయడం లాంటిది. ఇల్లు అక్కడే ఉంటుంది, లోపలికి వెళ్లే దారే పోతుంది.

మూడు ఓల్టుల బిళ్ల

బయోస్ సెట్టింగుల ప్రభావం ఎంతదూరం పోతుందో చూడాలంటే ఒక సందర్భాన్ని దగ్గరగా చూడాలి. అయిదారేళ్ల వయసున్న డెస్క్‌టాప్. రెండు వారాలు ప్లగ్ తీసేసి ఉంచారు. తిరిగి ఆన్ చేస్తే నల్ల తెర మీద సీమాస్ చెక్‌సమ్ గురించి ఏదో మెసేజ్, ఎఫ్1 నొక్కమని సూచన. నొక్కారు. లోగో వచ్చింది, చుక్కలు తిరిగాయి, అంతలోనే నీలం తెర: "ఇనాక్సెసబుల్ బూట్ డివైస్". మళ్లీ ఆన్ చేసినా అదే. ఎవరికైనా డిస్కు పోయిందనే అనిపిస్తుంది. మెసేజ్ కూడా అలాగే ఉంది మరి.

నిజానికి పోయింది మదర్‌బోర్డు మీదున్న సీఆర్2032 అనే నాణెం సైజు బ్యాటరీ. మూడు ఓల్టుల బిళ్ల. ప్లగ్ ఉన్నంతకాలం దాని అవసరం బయటపడదు. ప్లగ్ తీశాక గడియారాన్ని నడిపేది, చాలా బోర్డుల్లో బయోస్ సెట్టింగులను గుర్తుపెట్టుకునేది అదే. అది చచ్చిపోయేసరికి బయోస్ తన ఫ్యాక్టరీ సెట్టింగులకి వెళ్లిపోయింది. అందులో డిస్కుతో ఏ పద్ధతిలో మాట్లాడాలో చెప్పే డిస్కు కంట్రోలర్ మోడ్ కూడా ఒకటి. విండోస్ వేసినప్పుడు అది రెయిడ్ మోడ్‌లో ఉంది, ఇప్పుడు ఏహెచ్‌సీఐ అయింది. బూట్ లోడర్ వరకు డిస్కును చదివి పెట్టింది బయోసే కాబట్టి అంతవరకు ఇబ్బంది లేదు. కెర్నల్ లేచి తన సొంత డ్రైవర్‌తో డిస్కును పట్టుకోబోయేసరికి ఎదురుగా వేరే రకం కంట్రోలర్ ఉంది. దాని డ్రైవర్‌ని బూట్ సమయంలో తెచ్చుకోవాలని విండోస్‌కి ఎవరూ చెప్పలేదు. తను లేచింది ఏ డిస్కు మీంచో ఆ డిస్కే దానికి అందలేదు.

బయోస్‌లో తేదీ ఎన్నో ఏళ్ల వెనక్కి పోయి ఉండటం ఇక్కడ అసలు ఆధారం. అది చూస్తే చాలు. బిళ్ల మార్చి, మోడ్‌ని మళ్లీ రెయిడ్‌కి తిప్పితే విండోస్ ఏమీ జరగనట్టు లేస్తుంది. ఆ తేదీ చూడకపోతే? ఆటోమేటిక్ రిపేర్ విఫలమవుతుంది, కమాండ్లు విఫలమవుతాయి, చివరికి డిస్కు ఫార్మాట్ అవుతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చినట్టు.

విండోస్ లేవబోయి పడిపోతే

లోగో కింద చుక్కలు తిరుగుతున్నాయంటే బూట్ లోడర్ దాకా అంతా దాటినట్టే. అక్కడి నుంచి గొడవ విండోస్ లోపలిది. వరసగా రెండుసార్లు బూట్ విఫలమైతే విండోస్ తనంతట తానే రికవరీ తెరను తెస్తుంది. అది రాకపోతే విండోస్ ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ బటన్ జోలికి పోకుండా రిపేర్ దారి పట్టుకోవచ్చు.

ఆ తెరలో అన్నిటికన్నా విలువైనది సేఫ్ మోడ్. అది సమస్యను బాగుచేయదు, రెండుగా విడగొడుతుంది. సేఫ్ మోడ్‌లో విండోస్ కనీస డ్రైవర్లతోనే లేస్తుంది. అలా లేచిందంటే కెర్నల్, డిస్కు, సిస్టమ్ ఫైళ్లు చాలావరకు బాగున్నట్టే, తప్పు బయట నుంచి వచ్చి చేరిన డ్రైవర్‌దో, యాంటీవైరస్‌దో, ఈ మధ్యే పడిన అప్‌డేట్‌దో. సేఫ్ మోడ్ కూడా రాకపోతే సిస్టమ్ ఫైళ్లనీ, విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీనీ, డిస్కునీ అనుమానించాలి.

ఇది ప్రపంచమంతా ఒకేరోజు చూసిన సందర్భం ఉంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సంస్థ పంపిన ఒక అప్‌డేట్ ఫైల్‌ని దాని సొంత డ్రైవర్ సరిగ్గా చదవలేక కెర్నల్‌తో సహా పడిపోయింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ మెషీన్లు నీలం తెర దగ్గర ఆగాయి. ప్రపంచంలోని మొత్తం విండోస్ మెషీన్లలో ఇది ఒక శాతం కన్నా తక్కువే, అయినా విమానాలు ఆగాయి, ఆసుపత్రుల పనులు నిలిచాయి. తప్పు ఫైల్‌ని కంపెనీ గంటన్నర లోపే వెనక్కి తీసుకుంది. కానీ అప్పటికే పడిపోయిన మెషీన్లలో చాలావాటికి సరిచేసిన ఫైలు అందే దారి లేదు. ఇంటర్నెట్ అందేంత వరకు అవి లేస్తేగా! మనిషి ఒక్కో మెషీన్ దగ్గరికి వెళ్లి, సేఫ్ మోడ్‌లోకి తెచ్చి, డ్రైవర్స్ ఫోల్డర్‌లో ఒక్క ఫైల్ చెరిపేయాల్సి వచ్చింది. డిస్కు బాగుంది, విండోస్ బాగుంది, ఫైళ్లు బాగున్నాయి. మెషీన్ మాత్రం లేవదు. బూట్ కాకపోవడమంటే అన్నీ పోవడం కాదని ఇంతకన్నా పెద్ద రుజువు దొరకదు.

ఆ రోజే ఇంకో సంగతి కూడా తెలిసొచ్చింది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లబోతే చాలా మెషీన్లు బిట్‌లాకర్ కీ, అంటే డిస్కుకి విండోస్ వేసే ఎన్‌క్రిప్షన్ అనే తాళానికి చెవి, అడిగాయి. 48 అంకెల ఆ కీ లేకపోతే ఎన్‌క్రిప్ట్ అయిన డిస్కు తెరుచుకోదు, ఎవరి వల్లా కాదు. బయోస్‌లో నమ్మదగిన బూట్ లోడర్లనే లోపలికి రానిచ్చే సెక్యూర్ బూట్ లాంటివి మార్చినా, మదర్‌బోర్డు మార్చినా విండోస్ ఆ కీ అడగొచ్చు. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఈ ఎన్‌క్రిప్షన్ యజమానికి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేసిన మెషీన్ అయితే కీ సాధారణంగా ఆ అకౌంట్‌లోనే ఉంటుంది, ఫోన్‌లోంచి లాగిన్ అయి చూసుకోవచ్చు. బయోస్‌లో ఏదైనా కదిలించే ముందే ఆ కీ చేతిలో ఉందో లేదో చూసుకోవాలి.

కమాండ్ ప్రాంప్ట్ దగ్గర జాగ్రత్త

రికవరీ తెరలోని కమాండ్ ప్రాంప్ట్ బలమైన పనిముట్టు, అంతే ప్రమాదకరం కూడా. అక్కడ చాలామందిని బోల్తా కొట్టించే విషయం డ్రైవ్ అక్షరాలు. రోజూ చూసే సి డ్రైవ్ ఇక్కడ డి కావచ్చు, ఈ కావచ్చు. సి అని కనిపించేది వేరే పార్టిషన్ కావచ్చు. సిస్టమ్ ఫైళ్లని సరిచూసే ఎస్ఎఫ్‌సీ కమాండ్ ఇచ్చేముందు డిస్క్‌పార్ట్ అనే డిస్కు టూల్‌లో వాల్యూముల (డ్రైవ్‌ల) జాబితా చూసి, సైజుని బట్టి విండోస్ ఎక్కడుందో పోల్చుకుని, ఆ చోటుని కమాండ్‌లో స్పష్టంగా రాయాలి. లేకపోతే అది రికవరీ మెమరీలో నడుస్తున్న తాత్కాలిక విండోస్‌ని సరిచూడబోతుంది. అదే డిస్క్‌పార్ట్‌లో క్లీన్ అనే మాట కూడా ఉంది. అది పార్టిషన్ల పట్టికను ఒక్క దెబ్బకి తుడిచేస్తుంది, ఖచ్చితంగానా అని మళ్లీ అడగదు.

చాలాచోట్ల మొదటి మందుగా చెప్పే బూట్‌రెక్ ఫిక్స్ఎంబీఆర్ కమాండ్ పాత ఎంబీఆర్ పద్ధతికి పుట్టింది. యూఈఎఫ్ఐ మెషీన్లో అది బూట్ సమస్య తీర్చదు. ఫిక్స్‌బూట్ కొడితే "యాక్సెస్ ఈజ్ డినైడ్" అని రావడం కూడా చాలామందికి తెలిసిన అనుభవమే. ఆ మెషీన్లకి సరైన దారి బీసీడీబూట్: ఈఎఫ్ఐ పార్టిషన్‌కి ఒక అక్షరం ఇచ్చి, విండోస్ ఫోల్డర్‌ని చూపిస్తే బూట్ ఫైళ్లని అది మళ్లీ కొత్తగా రాసి పెడుతుంది. నీలం తెర మీద "యువర్ పీసీ నీడ్స్ టు బీ రిపేర్డ్" అని వచ్చే మెషీన్లలో, డిస్కు బాగుంటే, ఈ ఒక్క కమాండ్ చాలాసార్లు సరిపోతుంది.

పాత చిట్కాల ప్రమాదానికి ఇంకో ఉదాహరణ రెగ్‌బ్యాక్. రిజిస్ట్రీ చెడిపోతే ఆ ఫోల్డర్‌లోని కాపీలని తెచ్చి అసలు వాటి మీద పెట్టమని చెప్పేవారు. ఒకప్పుడు అది ప్రాణం పోసే సలహా. విండోస్ 10లో 1803 వెర్షన్ నుంచి ఆ కాపీలు వాటంతటవి తయారవడం ఆగిపోయింది. ఫైళ్ల పేర్లు అక్కడే ఉంటాయి, సైజు మాత్రం సున్నా. అవి తెచ్చి అసలు రిజిస్ట్రీ మీద పెడితే మూడొంతులు బాగున్నది పూర్తిగా పోతుంది. ఏ చిట్కానైనా అది ఏ కాలం నాటిదో చూడకుండా వాడకూడదు.

డిస్కే చచ్చిపోతుంటే

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త కావలసిన చోటు ఇది. విండోస్ లేవడానికి అరగంట పట్టడం, సేఫ్ మోడ్ కూడా నత్తనడక నడవడం, హార్డ్ డిస్కు లోపల్నుంచి ఒకే లయలో టిక్కుమనే శబ్దం. ఇవి కనిపిస్తే చెక్‌డిస్క్‌ని పిలవకూడదు. చెక్‌డిస్క్ పని ఫైల్ సిస్టమ్‌ని ఒక లెక్కకి తేవడం, ఫైళ్లని కాపాడటం దాని బాధ్యత కాదు. సరిపడని వాటిని అది కత్తిరించి పారేస్తుంది, చెడిపోయిన సెక్టార్ల కోసం డిస్కంతా గంటల తరబడి గాలిస్తుంది. అసలే కొనఊపిరితో ఉన్న డిస్కుకి అది మూలిగే నక్క మీద తాటిపండు.

సమస్య ఏదైనా, రిపేర్ కన్నా ముందు ఫైళ్లు బయటికి తీయాలి. లినక్స్ అనే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్‌ని ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్‌లోంచి లైవ్‌గా నడిపితే, విండోస్ లేవకపోయినా దాని డ్రైవ్ తెరిచి ఫోల్డర్లని ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసుకోవచ్చు. అక్కడే స్మార్ట్ వివరాలు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, కూడా చూడొచ్చు. హార్డ్ డిస్కు అయితే 5, 197, 198 నంబర్ల దగ్గర ఉన్న అంకెలు ముఖ్యం: ఇప్పటికే మార్చేసిన సెక్టార్లు, చదవలేక అనుమానంలో పెట్టినవి, ఎంతకీ చదవలేనివి. సున్నా కాని అంకె ఉండి, అది రోజురోజుకీ పెరుగుతుంటే ఆ డిస్కు మీద ఇంక ఏ రిపేరూ చేయకూడదు. మామూలు కాపీ చెడిన చోట ఆగి, మళ్లీ మళ్లీ అక్కడే తల బాదుకుంటుంది. డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం తీరు వేరు. సులువుగా వచ్చే భాగాలన్నీ ముందు లాగేసి, కష్టమైనవి చివరికి పెట్టుకుంటుంది. ఎంతవరకు వచ్చిందో ఒక ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఆ కాపీ మీద ఎన్ని ప్రయోగాలైనా చేసుకోవచ్చు. టిక్కుమంటున్న డిస్కులో బదులు దొరకని ఫైళ్లు ఉంటే ఇదీ చేయకూడదు. వెంటనే కరెంటు తీసి, డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి పంపాలి. ఆన్‌లో ఉన్న ప్రతి నిమిషం ఆ ఫైళ్ల మీదే భారం.

లినక్స్, మ్యాక్ సంగతి

లినక్స్ ఎక్కడ ఆగిందో దాచుకోదు. అది దాని గొప్ప గుణం. "గ్రబ్ రెస్క్యూ" అని వచ్చి ఆగితే గ్రబ్ అనే లినక్స్ బూట్ లోడర్ మొదటి ముక్క దొరికింది, మిగతా ముక్కలున్న పార్టిషన్ దొరకలేదని అర్థం. విండోస్, లినక్స్ రెండూ ఉన్న మెషీన్లో లినక్స్ పార్టిషన్‌ని విండోస్ వైపు నుంచి తీసేసినవాళ్లు తరచుగా ఇక్కడికే చేరతారు. యూఈఎఫ్ఐ మెషీన్ అయితే బూట్ మెనూలో విండోస్ బూట్ మేనేజర్‌ని ఎంచుకుంటే చాలు, విండోస్ మామూలుగా లేస్తుంది. 2024 ఆగస్టులో దీనికి తిరగబడ్డ సందర్భం ఒకటొచ్చింది. విండోస్ అప్‌డేట్ ఒకటి పాత, ప్రమాదకరమైన బూట్ లోడర్లని అడ్డుకోబోయి, రెండు ఓఎస్‌లున్న చాలా మెషీన్లలో లినక్స్‌ని "సెక్యూరిటీ పాలసీ వయలేషన్" అనే మాటతో ఆపేసింది. లినక్స్ పాడవలేదు, గడప దగ్గర కాపలాదారు మారాడు.

కెర్నల్ దాకా వచ్చి పానిక్ అయితే, అంటే కెర్నలే ముందుకు పోలేక ఆగిపోతే, గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద ఉన్న పాత కెర్నల్‌తో లేపి చూడాలి. బూట్ పార్టిషన్ నిండిపోయి కొత్త కెర్నల్ ఫైళ్లు సగం సగం రాసి ఉండటం దీనికి తరచుగా కనిపించే కారణం. తెర మీద ఏదో డిస్కు పేరు చెప్పి, నిమిషంన్నర లెక్కపెట్టి, ఎమర్జెన్సీ మోడ్ అని ఆగితే, బూట్ సమయంలో ఏ డిస్కులు తెరవాలో రాసి ఉండే ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైల్ చూడాలి. ఎప్పుడో తీసేసిన డిస్కు పేరు అందులో ఇంకా ఉండి ఉంటుంది. ఆ ఒక్క లైన్ ముందు హ్యాష్ గుర్తు పెడితే మెషీన్ లేస్తుంది.

మ్యాక్‌లో చేతికి అందేవి తక్కువ. ప్రశ్నార్థకం ఉన్న ఫోల్డర్ బొమ్మ మెరిస్తే బూట్ అయ్యే డిస్కు దానికి కనిపించలేదన్నమాట. యాపిల్ సొంత చిప్పులున్న మ్యాక్‌లలో పవర్ బటన్ అదిమి పట్టుకుంటే రికవరీ వస్తుంది, ఇంటెల్ మ్యాక్‌లలో కమాండ్, ఆర్ కలిపి పట్టుకోవాలి. అక్కడి డిస్క్ యుటిలిటీ డిస్కుని చూపించగలిగితే, ఉన్న ఫైళ్లు కదపకుండా మ్యాక్ఓఎస్‌ని మళ్లీ వేసుకోవచ్చు.

మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి వస్తే

కొన్నిసార్లు తప్పదు. ఫైళ్లు బయటికి తీశాక, డిస్కు ఆరోగ్యం చూశాక, రీఇన్‌స్టాల్ చేయడంలో తప్పేమీ లేదు. రెండు రోజులు రిజిస్ట్రీతో కుస్తీ పట్టడం కన్నా అదే తెలివైన పని. ఫైళ్లు ఉంచే ఆప్షన్ ఉన్నా దాన్ని నమ్మి బ్యాకప్ మానేయకూడదు, మధ్యలో కరెంటు పోతే అది మాట నిలబెట్టుకోలేదు. ఎస్ఎస్‌డీ మీద ఫార్మాట్ కొట్టేముందు మరీ ఆగి చూసుకోవాలి. ఖాళీ అయిన చోటు ఏదో ట్రిమ్ అనే ఆదేశం డిస్కుకి చెప్పేస్తుంది, డిస్కు తన వీలుని బట్టి ఆ చోటుని నిజంగానే తుడిచేస్తుంది. పాత హార్డ్ డిస్కుల్లో ఫార్మాట్ అయ్యాక కూడా ఫైళ్లు వెనక్కి తెచ్చినవాళ్లున్నారు. ఎస్ఎస్‌డీలో ఆ ఆశ దాదాపు ఉండదు.

మెషీన్ లేచిందంటే పని అయిపోయిందనుకోవడం కూడా తొందరపాటే. రీస్టార్ట్ చేసి చూసి వదిలేయకూడదు. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు కెర్నల్ పూర్తిగా ఆగదు, తన స్థితిని డిస్కు మీద రాసుకుని నిద్రపోతుంది. రీస్టార్ట్ చేసినప్పుడు మాత్రం మొదటి నుంచి లేస్తుంది. అందువల్ల రీస్టార్ట్‌లో బాగున్న మెషీన్ షట్‌డౌన్ తర్వాత మళ్లీ మొరాయించవచ్చు, దీనికి ఎదురుగానూ జరగొచ్చు. రెండు రకాలుగానూ లేపి చూడాలి. డెస్క్‌టాప్ అయితే షట్‌డౌన్ చేసి, ప్లగ్ కూడా తీసేసి, ఓ రాత్రంతా అలాగే వదిలేయాలి. తెల్లారి ప్లగ్ పెట్టి, విండోస్ లేవకముందే బయోస్‌లోకి వెళ్లి గడియారం చూడాలి. తేదీ, టైమ్ చేతి గడియారంతో సరిపోతే ఆ మూడు ఓల్టుల బిళ్ల ఇంకా బాగుంది. ఇంక కేబినెట్ మూత బిగించేయొచ్చు.